మధురపూడి కాటా

విమానం తలుపు తీశారో లేదో, ఆ వాసన గుప్పున కొట్టింది. విమానాల్లో పోసేది కూడా కిరోసిన్‌కి చుట్టమే, కాకపోతే దాని ఘాటు వేరు. పైగా అప్పుడే ఒక జల్లు పడి వెలిసింది. వేడెక్కిన నేల మీద వాన, ఆ వాన మీద ఆ ఇంధనం. మెట్ల మీదే ఆగిపోయాను. వెనకున్న కుర్రాడు "అంకుల్, కాస్త..." అనేదాకా కదల్లేదు.

మధురపూడి. రాజమండ్రి ఎయిర్‌పోర్టు. ముప్ఫై ఏళ్ళు పైబడింది నేను ఇక్కడ పనిచేసి.

వచ్చింది బాబాయి పెద్దకర్మకి. చుట్టరికం ప్రకారం బాబాయి కాదు. మా ఎయిర్‌పోర్టు స్టేషన్‌లో విమానాలకి సామాను ఎక్కించే లోడరు. నేను చేరేసరికే అందరూ ఆయన్ని బాబాయి అనేవాళ్ళు, పైలట్లతో సహా. ఆయన కొడుకు ఫోన్ చేసి, "నాన్నగారు పోయేముందు రెండుసార్లు మీ పేరెత్తారండీ" అన్నాడు. ఆ రాత్రే టికెట్ తీసుకున్నాను.

*

వాయుదూత్ అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. మా మనవరాలికి చెప్తే ఏదో పురాణం పేరనుకుంది. అది ప్రభుత్వ విమాన సంస్థ. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండూ కలిసి 1981 జనవరి 20న పెట్టాయి. అదే నెల 26న, గణతంత్ర దినం నాడు, మొదటి విమానాలు లేచాయి. మొదట పెట్టింది మనకోసం కాదు, ఈశాన్యం కోసం. అస్సాం, మేఘాలయ, అరుణాచల్ కొండల్లో, రోడ్డున పోతే రోజులు పట్టే ఊళ్ళకి. తేజు, పాసీఘాట్, జీరో... ఈ పేర్లన్నీ నాకు మొదట మా సీనియర్ కెప్టెన్ ఒకాయన నోట వినబడ్డాయి. అక్కడ రెండేళ్ళు నడిపి వచ్చాడాయన. "అక్కడ లోయలోకి దిగాక వెనక్కి తిరిగే చోటుండదు బాబూ, ఇక్కడ మీకు గోదావరి ఉంది, అదృష్టవంతులు" అనేవాడు.

తర్వాత దేశమంతా పాకింది. పెద్ద జెట్లు దిగలేని చిన్న రన్‌వేలు, యుద్ధకాలంలో వేసి వదిలేసినవి, రాజులు వేయించుకున్నవి, ఎక్కడెక్కడున్నాయో వెతికి మరీ విమానం పంపారు. ఒక దశలో వంద దాకా ఊళ్ళు ఆ పట్టికలో ఉండేవి. మన వైపు హైదరాబాద్ బేగంపేట నుంచి విజయవాడకీ, రాజమండ్రికీ వచ్చేది. టికెట్ మీద మా సంస్థ గుర్తు పీఎఫ్, మా స్టేషన్ గుర్తు ఆర్‌జేఏ. ఆ మూడక్షరాలూ ఇప్పటికీ ఏ సూట్‌కేసు మీద కనబడ్డా నా చెయ్యి దాని వైపు పోతుంది.

*

పొద్దున్నే టౌను ఆఫీసు దగ్గర అంబాసిడర్ ఎక్కేవాళ్ళం. నేను, ఇంకో అసిస్టెంటు, వెనక డిక్కీలో టికెట్ల పెట్టె, కార్బన్ కాగితాలు, సామాన్లకి కట్టే చీటీల కట్ట. కోరుకొండ రోడ్డు. ఊరు దాటాక పొగాకు చేలు, జీడిమామిడి తోటలు. పూత కాలంలో కారు అద్దాలు దించితే ఆ వాసన లోపలికొచ్చి కూర్చునేది. మధురపూడి చేరేసరికి బాబాయి సైకిలు గోడకి ఆనించి ఉండేది. ఆయన మాకంటే గంట ముందు వచ్చేవాడు. ఎందుకంటే గేదెలు.

తెల్లదొరల కాలం నాటి రన్‌వే అది. మైలు చిల్లర పొడుగు. చుట్టూ కంచె ఉందంటే ఉంది, లేదంటే లేదు. పక్క ఊళ్ళ గేదెలకి ఆ రన్‌వే అంచున పెరిగే గడ్డంటే ప్రాణం. బాబాయి కర్ర పుచ్చుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాడు. నడుస్తూ రాళ్ళు ఏరేవాడు. చిన్న గులకరాయి కూడా వదిలేవాడు కాదు. ప్రొపెల్లరు ఆ రాయిని పీల్చి ఎగరేస్తే రెక్కకో పొట్టకో తగులుతుందని ఎవరో ఇంజనీరు ఆయనకి ఒకసారి చెప్పాడట. ఇక అదే వేదం. ఏరిన రాళ్ళన్నీ టెర్మినల్ వెనక ఒక కుప్ప. నేను బదిలీ అయ్యేనాటికి ఆ కుప్ప నడుమెత్తు ఉండేది.

టెర్మినల్ అంటే ఒక హాలు, రెండు గదులు. ఒక బల్ల, ఒక కాటా, నాలుగు బెంచీలు, గోడకి ఒక గడియారం. బయట స్తంభానికి గాలి సంచి. ఆ సంచి వాలు చూసి బాబాయి "ఇవాళ తూర్పు నుంచి దిగుద్దండి" అనేవాడు. ఆయన మాట తప్పగా నేను చూసింది తక్కువ.

బేగంపేటలో విమానం లేచిందని టవర్‌కి కబురొచ్చాక లెక్కపెట్టేవాళ్ళం. నేరుగా వస్తే గంటా పావు. ఆ గంట హాలంతా మాటలతో నిండి ఉండేది. ఎప్పుడో ఒకప్పుడు బాబాయి చెయ్యెత్తేవాడు. "వస్తంది." మాకేమీ వినబడేది కాదు. ఒక నిమిషం గడిచాక అప్పుడు మాకూ వినబడేది, ముందు దోమ గీపెట్టినట్టు, తర్వాత ఎవరో చాలా దూరాన ఆపకుండా ఈల వేస్తున్నట్టు.

*

డోర్నియర్ 228. జర్మన్ వాళ్ళ డిజైను. తర్వాత మన ప్రభుత్వ విమాన కర్మాగారం, కాన్పూర్ హెచ్‌ఏఎల్‌లోనే తయారు చేశారు. పొడుగాటి ముక్కు, నెత్తిన రెక్క, రెక్కకి రెండు గ్యారెట్ కంపెనీ ఇంజన్లు. 19 సీట్ల విమానం. లోపల నిటారుగా నిలబడితే తల తగిలేది. ఎంత గొప్పవాడైనా వంగి నడవాల్సిందే. నడవకి అటొక సీటు, ఇటొక సీటు. అంటే ఎక్కిన ప్రతి మనిషికీ కిటికీ సీటే. నా ఉద్యోగంలో "నాకు కిటికీ పక్కన ఇవ్వండి" అని ఎవరూ గొడవ పడని ఏళ్ళు అవొక్కటే.

పెద్ద జెట్లలా లోపల గాలిని ఒత్తిడితో బిగించే ఏర్పాటు దాంట్లో లేదు. అందుకని మరీ పైకి పోయేది కాదు. అదే దాని అందం. కింద ఏ చెరువు ఎవరిదో, ఏ గుడి ఏ ఊరిదో తెలిసేది. తొలిసారి ఎక్కిన ఒక పెద్దాయన దిగగానే నా చెయ్యి పట్టుకుని, "మా పొలం చూశానండీ! మోటారు షెడ్డు కూడా కనపడిందండీ బాబూ!" అన్నాడు. హైదరాబాద్‌లో ఏ పనిమీద వెళ్ళొచ్చాడో చెప్పనే లేదు.

ఆ ఇంజన్ల సంగతి ఒకటి చెప్పాలి. ఆ గ్యారెట్‌కి మెల్లగా తిరగడం చేతకాదు. నేల మీద నిలబడి ఉన్నా మంచి వేగంతోనే తిరుగుతుంది, అందుకే ఆ చెవులు చిల్లులు పడే ఈల. తొందర ఉన్న రోజు కెప్టెన్ కుడి ఇంజన్ ఆపకుండానే ఎడమది మాత్రం ఆపేవాడు. తలుపు ఎడమవైపు వెనక ఉండేది కాబట్టి, దిగేవాళ్ళు దిగి ఎక్కేవాళ్ళు ఎక్కేవాళ్ళు. ఆ ఈల కింద మాటలు నడవవు, అంతా సైగలే. బాబాయి బొటనవేలు పైకెత్తితే సామాను సర్దడం అయిపోయిందని. అరచెయ్యి అడ్డంగా ఊపితే ఇంకో పెట్టె ఉందని. ఆ సైగలు ఇంట్లో కూడా వచ్చేవట ఆయనకి. ఇంకాస్త అన్నం కావాలన్నా, చాలన్నా చేత్తోనే చెప్పేవాడని పిన్ని అనేది.

రెండు ఇంజన్లూ ఆపిన రోజు ఇంకో తంతు. ఆగిన వెంటనే లోపలి షాఫ్టు పైన వేడిగా, కింద చల్లగా ఉండి కొంచెం వంగుతుందని, ప్రొపెల్లర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. మెకానిక్ ఒక్కడే వస్తే బాబాయి రెండో దాని దగ్గర నిలబడేవాడు, ఆయన చూపించినట్టే తిప్పేవాడు. నాలుగు రెక్కలు. ఒక్కో రెక్కనీ రెండు అరచేతులతో పట్టి, ఆవు మెడ నిమిరినట్టు కిందికి దించేవాడు. దించి, తర్వాతదాని కోసం ఆగేవాడు. ఆ రెక్కల కొసలు ఎండలో మెరిసేవి. ఆ ఈల ఆగిపోయాక మధురపూడిలో వచ్చే నిశ్శబ్దం, అందులో ఇంజన్ చల్లబడుతూ టిక్కు టిక్కుమనే చప్పుడు... నేను విమానాల మధ్య ముప్ఫై ఏళ్ళకి పైగా బతికాను, మళ్ళీ ఎక్కడా అది వినలేదు.

*

ఇక కాటా.

ఆ విమానం మనుషులు, సామాను, ఇంధనం, తన సొంత బరువు అంతా కలిపి ఆరు టన్నుల లోపే లేవాలి. తిరుగు ప్రయాణానికి కావలసిన ఇంధనం కూడా హైదరాబాద్‌లోనే పోయించుకుని వచ్చేది. అంటే మా దగ్గరికి వచ్చేసరికే సగం బరువు మోస్తూ ఉండేది. దానికి తోడు రాజమండ్రి ఎండ. వేసవిలో గాలి పలచబడుతుంది, రెక్కకి పట్టు చాలదు, ఇంజన్‌కి ఊపిరి చాలదు. డిసెంబరులో లేచిన బరువు మే నెలలో లేవదు. అదీగాక మాది పొట్టి రన్‌వే.

మామూలు రోజుల్లో లెక్క కాగితం మీదే అయిపోయేది. పెద్దవాళ్ళకి 75 కిలోలు, పిల్లలకి 35. లోడు నిండుగా ఉన్న రోజు, ఎండ మండే రోజు, అలా కుదరదు. మనుషుల్ని నిజంగా తూచాల్సిందే. ధాన్యం బస్తాలు తూచే కాటాలాంటిదే మాదీ. ఇనప పలక, నిలువు స్తంభం, పైన గుండ్రటి ముఖం, ఎర్ర ముల్లు.

మనిషిని కాటా ఎక్కమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. అందులోనూ ఆడవాళ్ళని, పదిమందిలో. మొదటి వారంలోనే ఒక టీచరమ్మ ముఖం ఎర్రబడడం చూశాను. ఆ మధ్యాహ్నమే ఒక అట్టముక్క కత్తిరించి, ముల్లు నాకొక్కడికే కనబడేలా కాటాకి డాలులా కట్టాను. పైకి చదవడం మానేశాను, చూసి కాగితం మీద రాసుకోవడమే. ఆ అట్ట మూడుసార్లు చిరిగింది. మూడుసార్లూ మళ్ళీ కట్టాను. ఎవరి బరువూ నా నోట బయటికి రాలేదు. ఇవాళ్టికీ రాదు.

తూచిన తర్వాత ట్రిమ్ షీట్. ఎంత బరువు అన్నదే కాదు, ఎక్కడ బరువు అన్నది కూడా చూడాలి. ముందు వరసల్లో ఇంత, వెనక ఇంత, డిక్కీలో ఇంత. ఆ కాగితం మీద వరసకొక గీత ఉండేది. పెన్సిల్ పట్టుకుని పై నుంచి బయల్దేరి, మొదటి గీత దగ్గర కాస్త ఎడమకి, రెండో దాని దగ్గర కాస్త కుడికి, అలా మెట్లు దిగుతున్నట్టు దిగితే, అడుగున గీసి ఉన్న డబ్బాలో పెన్సిల్ మొన ఆగాలి. డబ్బాలో పడిందా, కెప్టెన్ సంతకం. బయట పడిందా, లావుపాటి ఆసామిని బతిమాలి ముందుకి కూర్చోబెట్టాలి. ఆ పెన్సిల్ మొన డబ్బాలో ఆగిన ప్రతిసారీ నాకొక తృప్తి. పద్దెనిమిది మందిని నా చేతుల్తో సమంగా సర్ది ఆకాశంలో పెడుతున్నట్టు ఉండేది.

బాబాయికి కాటా అక్కర్లేదు. పెట్టె పిడి పట్టుకుని బెత్తెడెత్తు లేపి, "పన్నెండున్నర, రాసుకోండి" అనేవాడు. కాటా మీద పెడితే పన్నెండున్నరే. ఎలా తెలుస్తుందని అడిగితే, "బుజం చెప్పుద్దండి" అనేవాడు. చిన్నప్పుడు కోటిలింగాల రేవులో పడవల్లోంచి బస్తాలు దించాడట.

*

ఎక్కేవాళ్ళందరూ మొహాలతో, పేర్లతో తెలిసేవాళ్ళు. పొగాకు వ్యాపారులు, పేపరు మిల్లు ఆఫీసర్లు, గోదావరి బేసిన్‌లో చమురు వెతకడానికొచ్చిన ఓఎన్‌జీసీ ఇంజనీర్లు. ఓఎన్‌జీసీ వాళ్ళ బూట్లకి ఎప్పుడూ కోనసీమ బురద ఉండేది. అప్పుడప్పుడు షూటింగులకొచ్చే సినిమావాళ్ళు. వాళ్ళొచ్చిన రోజు గేదెల్ని తోలడానికి మనిషి అక్కర్లేదు, రన్‌వే చుట్టూ జనమే కంచె.

వెళ్ళేటప్పుడు అందరి చేతుల్లోనూ ఆత్రేయపురం పూతరేకులు. వరద నీళ్ళొచ్చే కాలంలో పులస. ఒకాయన నాలుగు గిన్నెల క్యారేజీలో పులస పులుసు తీసుకుని, "అల్లుడు హైద్రాబాదులో ఎదురుచూస్తన్నాడండీ, ఒళ్ళో పెట్టుకుంటాను, కింద పెట్టను" అని ప్రమాణం చేశాడు. మూత గట్టిగా ఉందో లేదో బాబాయి తిప్పి చూసి, గుడ్డతో మూటకట్టి ఇచ్చాడు. ఆ క్యారేజీ బరువు కూడా రాశాను.

ఒక మే నెల. గాలి ఆడడం లేదు, గాలి సంచి స్తంభానికి అతుక్కుపోయి ఉంది. విమానం నిండా మనుషులు. చివర్లో ఒక తల్లి, ఏడెనిమిదేళ్ళ పాపతో వచ్చింది. గుండెకి ఆపరేషన్. మర్నాడు పొద్దున్నే హైదరాబాద్ ఆస్పత్రిలో చేర్చాలి. టికెట్లు ఉన్నాయి. అందరినీ తూచాను. పెన్సిల్ దిగింది, కానీ మొత్తం బరువు నలభై కిలోలు ఎక్కువ. కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు. అది ఆయన తప్పు కాదు. ఎండకి ఒక లెక్క ఉంది, ఆ లెక్కకి దయాదాక్షిణ్యాలు ఉండవు.

నేను హాలు మధ్యలో నిలబడి విషయం చెప్పాను. ఎవరి పేరూ ఎత్తలేదు. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు పేపరు మిల్లాయన లేచి తన తోలుపెట్టె పక్కన పెట్టాడు. "రేపు పంపండి." పొగాకు షావుకారు శాంపిళ్ళ మూట దించాడు. అది లేకపోతే ఆయన వెళ్ళి చేసే పనే లేదు. బాబాయి ఒక్కొక్కటీ ఎత్తి చూస్తూ, వేళ్ళతో లెక్క చెప్తున్నాడు. పద్నాలుగు. ఇరవై మూడు. ముప్ఫై రెండు. చివర్న ఆ పాప, అంతా చూస్తోంది కదా, తన చిన్న సంచీ తెచ్చి బాబాయి చేతికిచ్చింది. ఆయన దాన్నీ ఎత్తి, సాలోచనగా చూసి, "ఇదేం బరువు లేదమ్మా, తీసుకెళ్ళు" అని తిరిగిచ్చేశాడు. రెండు కిలోలైనా ఉంటుందది. ఆ బదులు ఇంకో పెద్ద అట్టపెట్టె దించాడు. దించిన సామానంతా మర్నాటి విమానంలో పంపాం. రెండు నెలల తర్వాత ఆ పాప అదే విమానంలో దిగింది. పాదాలు బరువుగా వేస్తూ, కాటా దగ్గరికొచ్చి తనే ఎక్కి నిలబడింది.

*

1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు దాన్ని మరిచిపోరు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులు. మా పైలట్లకి గోదావరే దారి గుర్తు. రాత్రి దిగే దీపాల్లేవు, మబ్బులో దారిచూపే యంత్రాల్లేవు, కంటికి కనబడితేనే దిగడం. మబ్బు కింద నది పట్టుకుంటే చాలు. రైలు ఒక్కటీ పోయే పాత హేవ్‌లాక్ వంతెన, దాని పక్కన రోడ్డూ రైలూ రెండూ పోయే వంతెన, రెండూ కనబడ్డాయంటే రాజమండ్రే.

ఆ రోజుల్లో ఒక కెప్టెన్ దిగి, టోపీ తీసి, బెంచీ మీద కూర్చుండిపోయాడు. "నది ఎక్కడుందో తెలియలేదయ్యా. కింద అంతా ఒకటే నీళ్ళు. వంతెనలు సముద్రంలో వేసినట్టున్నాయి" అన్నాడు. బాబాయి పుట్టిన ఊరు గోదావరి లంకలో. ఆయన ఆ మాట విని ఏమీ అనకుండా, కర్ర తీసుకుని రన్‌వే మీదికి నడిచాడు. గేదెలు లేవు ఆ రోజు. ఊరికే ఆ చివరిదాకా వెళ్ళొచ్చాడు.

*

1988 అక్టోబరు 19 పొద్దున అహ్మదాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలింది. అదే పొద్దున గౌహతి దగ్గర మా వాయుదూత్ ఫోకర్ విమానం. అందులో 34 మంది, ఒక్కరూ మిగల్లేదు. మరుసటి ఏడాది సెప్టెంబరులో పూణే నుంచి హైదరాబాద్ వస్తున్న డోర్నియర్ ఉజని జలాశయంలో పడింది. 11 మంది. ఆ రెండు రోజుల గురించి నేను ఎక్కువ రాయలేను. మర్నాడు కౌంటర్ తెరిచాం. వచ్చినవాళ్ళు వచ్చారు. కాటా ఎక్కినవాళ్ళ కళ్ళలోకి చూడలేక, ముల్లు వైపే చూస్తూ రాశాను. బాబాయి ఎవరికీ చెప్పకుండా గాలి సంచి స్తంభం మొదట్లో కొబ్బరికాయ కొట్టాడు.

*

మా విమానం ఆగిపోవడం ఒక్కరోజులో జరగలేదు. ముందు వారంలో ఒక రోజు తగ్గింది. తర్వాత ఇంకోటి. పద్దెనిమిది, పందొమ్మిది సీట్లతో అంత ఖర్చు రాబట్టడం, అదీ టికెట్ ధర సామాన్యుడికి అందేలా ఉంచి, సాధ్యమయ్యే పని కాదని మాకూ తెలుసు. పెద్ద విమానానికైనా చిన్న విమానానికైనా ఇద్దరు పైలట్లే, ఒక టవరే, ఒక అగ్నిమాపక బండే. ప్రతి ఎంపీకీ తన ఊళ్ళో విమానం దిగాలి. స్టేషన్లు పెరిగాయి, నష్టాలూ పెరిగాయి. అయినా నేనొకటి నమ్ముతాను. ఆర్టీసీ బస్సు లాభం వచ్చే ఊళ్ళకే వెళ్ళదు కదా. 2016లో ఉడాన్ పథకం పెట్టి, చిన్న ఊళ్ళకి ఎగిరే కంపెనీలకి లోటు పూడ్చి ఇస్తామన్నప్పుడు, ఈ మాట ముప్ఫై ఏళ్ళ కిందే అనుంటే ఎంత బావుండేదో అనుకున్నాను.

1993లో వాయుదూత్‌ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది చూడండి, కలిశాక కూడా కొంతదూరం ఆ నీళ్ళ రంగు విడిగా కనబడుతుంది. మేమూ కొన్నేళ్ళు అలాగే కనబడ్డాం. "నువ్వు వాయుదూత్ బ్యాచా?" అని అడిగేవాళ్ళు. తర్వాత ఆ రంగూ పోయింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో ఎయిర్ ఇండియాలో కలిసింది. ఎయిర్ ఇండియా 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్ళింది. బేగంపేటలో మామూలు విమానాలు 2008 మార్చిలో ఆగిపోయి శంషాబాద్ వెళ్ళిపోయాయి. మన హైదరాబాద్‌లోనే పుట్టిన ట్రూజెట్ 2015లో మొదలై 2022లో ఆగింది. వాళ్ళ ఆఖరి రోజుల్లో కౌంటర్లో కూర్చున్న పిల్లల్ని తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టుండేది. విమానం రాదని తెలిసీ పొద్దున్నే స్నానం చేసి యూనిఫాం వేసుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నాకు హైదరాబాద్ బదిలీ వచ్చిన రోజు బాబాయి నన్ను కాటా మీద నిలబెట్టాడు. అట్ట పక్కకి తీసి, ముల్లు చూసి, "యాభై ఎనిమిది. హైద్రాబాదు తిండి తిని తగ్గకండి" అన్నాడు.

*

పెద్దకర్మ అయిపోయి భోజనాలయ్యాక, అరుగు మీద కూర్చున్నాను. వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా కింద ఏదో చెక్క పెట్టి ఉంది. ముక్కోణంగా, అరిగిపోయి, ఒకప్పుడు పసుపు రంగు వేసిన గుర్తులతో. పక్కనుంచి కన్నంలోంచి తాడు.

చాక్. విమానం చక్రం కదలకుండా ముందొకటి వెనకొకటి పెట్టే చెక్క. కొత్త జత వచ్చినప్పుడు పాతవి పారేయమంటే, "పొయ్యిలోకైనా పనికొత్తాయి, పట్టుకెళ్తానండి" అని నన్నడిగి సైకిలు వెనక కట్టుకున్నాడు. పొయ్యిలో పెట్టలేదన్నమాట.

"రెండోది మంచం కింద ఉందండి," అన్నాడు కొడుకు. "ఎత్తు సరిపోక కోడు కింద పెట్టుకున్నారు. చివరి రెండేళ్ళూ ఆ మంచం మీదే." లోపలికెళ్ళి చూశాను. ఉంది. తాడుకి ఇంకా గ్రీజు జిడ్డు. వేలితో రాస్తే నల్లగా అంటుకుంది.

"తలుపు దగ్గరది మీరు తీసుకెళ్ళండి. నాన్నగారు ఇమ్మనే అనుంటారు" అన్నాడు. వద్దనలేకపోయాను. తలుపుకి ఒక ఇటుక పెట్టి, చాక్ కడిగి, తుడిచి, పాత తువ్వాలులో చుట్టి నా బ్యాగులో పెట్టాడు. తండ్రి మూట కట్టినట్టే కట్టాడు, రెండు ముళ్ళు, ఒక కొస బయటికి.

మధురపూడిలో ఇప్పుడు రన్‌వే మూడు కిలోమీటర్లు దాటింది. అద్దాల గోడలు, ఏసీ. నడుమెత్తు రాళ్ళ కుప్ప ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. కౌంటర్లో అమ్మాయి, మా మనవరాలి వయసుంటుంది, "బ్యాగ్ బెల్టు మీద పెట్టండి సార్" అంది. పెట్టేముందు పిడి పట్టుకుని బెత్తెడెత్తు లేపి చూశాను. తొమ్మిదిన్నర అనిపించింది.

తెర మీద ఎర్ర అంకెలు వెలిగాయి. పదకొండు పాయింట్ రెండు.